వెనుక చక్రమునకు నిదానము



మోటారుసైకిలు నడుపువారికి బాట కనబడును. వెనుక కూర్చున్నవారికి చక్రము వినబడును. మన దేశమున సామాన్యముగా తిరుగు బండ్లలో చైను ఎడమ ప్రక్కన నుండును. చీర కట్టుకొని ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండువారు కాళ్లు ఆనించునదియు ఆ ప్రక్కనే. కావున చైనునందు గాని వెనుక చక్రమునందు గాని పుట్టిన స్వల్పమైన అదురు చెవికన్న ముందుగా మన పాదమునకు తెలియును. హెల్మెట్టు చెవులను మూసినను పాదమును మూయదు గదా! నడుపువారికి ఇంజను మ్రోతయు, గాలియు, ఎదురుగా వచ్చు లారీయు గలవు. వారు వినలేదని నిందింపరాదు. విన్నదానిని చెప్పవలసినవారము మనమే. అది ఎట్లు చెప్పవలయునో యీ మాసమున వ్రాయుచున్నాము. ఎట్లు చెప్పరాదో ధనవ్యయము చేసి నేర్చుకొంటిమి.

గడచిన వర్షకాలమున కాలువకట్ట మీది బాట గుంటలు పడియున్న దినములలో మా బండి వెనుక "టక్కు టక్కు" మని యొక చప్పుడు బయలుదేరెను. మా వారు ఒంటరిగా బడికి పోవునపుడు అది లేదు. మేము వెనుక కూర్చున్నపుడే కలదు. "నీ సంచిలోని క్యారియరు మూత కొట్టుకొనుచున్నది" అని వారనిరి. మరునాడు క్యారియరును ఇంటనే విడిచి, వట్టి చేతులతో కూర్చుంటిమి. చప్పుడు మాత్రము మమ్ము విడువలేదు. "చైను వదులైనది కాబోలు" నని మేమంటిమి. ఆ "కాబోలు" మెకానిక్కు కడకు చేరునప్పటికి దారిలో ఎచ్చటనో జారిపోయెను. "చైను మ్రోగుచున్నది, చూడు నాయనా" అని నిశ్చయముగా చెప్పితిమి. బురదతోను జిడ్డుతోను నల్లబడిన చైనును అతడు వ్రేలితో ఎత్తి చూచి, సెట్టంతయు మార్చవలెననెను. చైను, ముందరి చిన్న స్ప్రాకెట్టు, వెనుకటి పెద్ద స్ప్రాకెట్టు, మూడును క్రొత్తవి పడెను. వేయి రూపాయలకు పైగా చెల్లించి బయలుదేరితిమి. కాలువ లాకు వంతెన దాటుచుండగా మరల "టక్కు".

మెకానిక్కును తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. మేము రోగము పేరు చెప్పితిమి, అతడు ఆ రోగమునకు మందు వేసెను. వైద్యుని కడకు పోయి "నాకు పైత్యము చేసినది" అనువారి కన్న, "అన్నము తిన్న గడియకు కడుపులో మంట పుట్టుచున్నది" అనువారికి త్వరగా గుణమిచ్చును. మన పూర్వులు చికిత్సతో కలుపక, రోగమును గుర్తించుటకే "మాధవనిదానము" అను ప్రత్యేక గ్రంథమును నిర్మించుకొనిరి. నిదానమనగా వ్యాధి కారణమును కనుగొనుట. వాడుకలో నెమ్మది యని కూడ నర్థము. బండి విషయమున ఈ రెండర్థములును పనికివచ్చునని మాకు ఆ వంతెన మీద తోచెను.

ఆ సాయంకాలము వీధిలో బండిని నిలిపి, ఇంజను ఆపి, గేరును న్యూట్రలులో నుంచితిమి. ఇంట సుద్దముక్కలకు కొదువ లేదు గనుక టైరు ప్రక్క మీద ఒక గీత గీచితిమి. బరువు పడినగాని చప్పుడు రాదు గావున పిల్లలనిద్దరిని సీటు మీద కూర్చుండబెట్టితిమి. మా వారు హేండిలు పట్టుకొని మెల్లగా త్రోయుచుండిరి. మేము ప్రక్కన నడచుచు, గీత నేలవైపునకు వచ్చిన ప్రతిసారియు లెక్కించితిమి. గీత క్రిందికి దిగి కొంచెము దాటగానే "టక్కు". ఒక చుట్టునకు ఒక్కటే. పది చుట్లకు పది. ఒక్కసారియైనను తాళము తప్పలేదు. చైనుదైనచో ఇట్లుండదు.

ఏల యుండదో చెప్పెదము. మా బండి ముందరి స్ప్రాకెట్టునకు 14 పళ్లు, వెనుకదానికి 42. చైనునకు 104 లింకులు. వెనుక చక్రము ఒక చుట్టు తిరుగవలెనన్న 42 లింకులు సాగవలెను. అనగా చైనులోని ఒక లింకు బయలుదేరిన చోటికి తిరిగి వచ్చునప్పటికి చక్రము రమారమి రెండున్నర చుట్లు తిరిగియుండును. ముందరి చిన్న స్ప్రాకెట్టో, చక్రము ఒకసారి తిరుగునంతలో తాను మూడు మారులు తిరుగును. మా టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. కావున 1.9 మీటర్ల కొకసారి వచ్చు చప్పుడు చక్రముది, లేదా దానితో కూడ తిరుగు టైరుది, బ్రేకు డ్రమ్ముది, పెద్ద స్ప్రాకెట్టుది. 4.7 మీటర్ల కొకసారి వచ్చునది చైనులో బిగుసుకొనిపోయిన ఏదో యొక లింకుది. చక్రము చుట్టునకు మూడేసి మారులు వచ్చునది చిన్న స్ప్రాకెట్టుది. పళ్ల లెక్క బండిని బట్టి మారును గాని పద్ధతి మారదు. కీర్తనకు తాళము వేయగలవారికి ఇది రెండు నిమిషముల పని. బండి ఆగియుండగా కూడ వినబడుచు, ఇంజను వేగముతో హెచ్చి తగ్గు చప్పుడైనచో వెనుక చక్రమును అనుమానింప పని లేదు. దాని వెదుకులాట వేరు.

మా చప్పుడు చక్రముదని తేలెను గదా. బండిని సెంటరు స్టాండు మీద నెత్తి, చక్రమును చేతితో తిప్పుచు, చిన్న పానా పిడితో ఒక్కొక్క స్పోకును తట్టితిమి. మొత్తము 36. బిగువుగా నున్న స్పోకు ఖంగుమని పలుకును. వదులైనది పగిలిన కుండవలె బొంగురుగా పలుకును. అన్నియు ఒకే శ్రుతిలో నుండనక్కర లేదు, పలికినచో చాలును. మా చక్రములో మూడు పలుకలేదు. అందులో ఒకటి చేతికి కదలివచ్చెను. హబ్బు రంధ్రములోనికి వంగి దూరు మూలకడ విరిగి, తల మాత్రము రంధ్రములో నిలిచియున్నది. స్పోకులు విరుగు చోటు తరచుగా అదియే. బరువు పడినపుడు నేలవైపునకు వచ్చిన స్పోకుల బిగువు సడలి, పైకి పోగానే మరల బిగియును; వదులైనది మాత్రము ప్రతి చుట్టునను ఒక్కమారు తన గూటిలో కదలి చప్పుడు చేయును. ఒంటరిగా పోవు మా వారి బరువునకు మౌనముగా నుండి, ఇద్దరి బరువునకు నోరు విప్పుటకు కారణమిదియే. క్యారియరు నిర్దోషి యని మా వారు ఆనాడు ఒప్పుకొనిరి.

చక్రములు సరిచేయువాడు మరునాడు క్రొత్త స్పోకు వేసి, మిగిలిన రెంటిని బిగించి, చక్రమును త్రిప్పి ఊపు తీసెను. ఆ ఖర్చు చైను సెట్టు ఖర్చులో పదియవ వంతు కూడ లేదు. ఊపును మనము కూడ చూడవచ్చును. చక్రము తిరుగుచుండగా ఒక పెన్సిలును ప్రక్కనున్న ఇనుప చట్రమునకు ఆనించి రిమ్ము దగ్గరకు చేర్చి పట్టినచో, రిమ్ము ఒకచోట పెన్సిలును తాకి మరియొకచోట దూరముగా తొలగుట కనబడును. ఆ తేడా 2 మిల్లీమీటర్లు దాటరాదని చాల బండ్ల పుస్తకములలో నుండును.

తీసివేసిన పాత చైనును మేము ఇంటికి తెచ్చుకొంటిమి. "చైను సాగినది" అని లోకమున వాడుక. ఉక్కు పలకలు రబ్బరువలె సాగవు. లింకు లింకునకు నడుమ నున్న పిన్నును, దానిని చుట్టియున్న బుష్షును ఒరసికొని అరుగును. ఒక్కొక్కచోట వెండ్రుకవాసి యరిగినను నూరు చోట్ల కలిసి కనబడునంత పొడుగగును. పిన్ను, బుష్షు, దాని మీద తిరుగు రోలరు గల యీ విధమైన చైనును 1880లో ఇంగ్లండు దేశపు మాంచెస్టరునందు హాన్స్ రెనాల్డు కనిపెట్టెను. నేటికిని ఆ కూర్పు అదియే. చిన్న బండ్ల చైనులలో పిన్నునకును పిన్నునకును నడుమ దూరము తరచుగా 12.7 మిల్లీమీటర్లు. కావున క్రొత్త చైనును బిగువుగా లాగిపట్టి 20 లింకులు కొలిచినచో 254 మిల్లీమీటర్లుండును. నూటికి ఒకటి రెండు పాళ్లు, అనగా రెండున్నర మొదలు ఐదు మిల్లీమీటర్ల వరకు పెరిగినచో దాని కాలము తీరుచున్నదని తెలియవలెను. కచ్చితమైన హద్దు మీ బండి పుస్తకములో నుండును. మాది 255 దాటలేదు. ఇప్పుడది దొడ్డి గోడ మేకునకు వ్రేలాడుచున్నది. మా వారు దానివైపు చూడకయే స్నానమునకు పోవుదురు.

ఐనను చైనుకు రోగములు లేవని చెప్పుట కాదు. వానిని చూచుటకు ముందు ఒక్క మాట మరువరాదు. ఇంజను నడుచుచుండగా, గేరులో నుంచి చక్రమును తిప్పుచు చైనును గుడ్డతో తుడుచుట కొందరికి అలవాటు. గుడ్డ చిక్కుకొన్న నిమిషమున వ్రేళ్లు స్ప్రాకెట్టు పళ్ల నడుమ నలిగిపోవును, తెగిపోవుటయు గలదు. ఇంజను ఆపి, తాళముచెవి తీసి కొంగున ముడివేసికొని, పిల్లలను దూరముగా నుంచి, చక్రమును చేతితోనే తిప్పవలెను. అప్పుడును వ్రేళ్లను చైను స్ప్రాకెట్టును కలియు చోటికి చేర్చరాదు.

మన చిన్న బండ్లలో చైనును పూర్తిగా కప్పు తొడుగుండును. దానికి ఒక రబ్బరు మూత యుండును. దానిని తీసినచో చైను కనబడును. రెండు స్ప్రాకెట్లకును నడిమి భాగమున క్రింది వరుసను పైకి క్రిందికి కదిపి చూడవలెను. చిన్న బండ్లకు ఆ కదలిక తరచుగా 20 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు నుండవలెనని చెప్పుదురు. పుస్తకము వేరుగా చెప్పినచో అదియే ప్రమాణము. ఒక్కచోట చూచి తృప్తిపడరాదు. చక్రమును కొంచెము కొంచెముగా తిప్పుచు నాలుగైదు చోట్ల చూడవలెను. ఒకచోట వదులు, ఇంకొకచోట బిగువు ఉన్నచో చైను సమముగా అరుగలేదన్నమాట. వదులు చోటును చూచి బిగించినచో బిగువు చోట తెగునంత పని యగును. అట్టిదానిని మార్చుటయే మంచిది. తొడుగు విప్పించిన దినమున వెనుక స్ప్రాకెట్టు చివరి అంచున చైనును వెనుకకు లాగి చూడుడు. సగము పన్ను బయటపడునంతగా లేచివచ్చినచో చైను పని యయిపోయినది. పళ్లు కొడవలి మొనలవలె ఒక ప్రక్కకు వంగియున్నచో స్ప్రాకెట్టు పనియు నంతే. అప్పుడు సెట్టు మార్చుటకు సంకోచింపరాదు. అరిగిన పళ్ల మీద క్రొత్త చైను వేసినచో అది కూడ త్వరలోనే వాని దారి పట్టును.

వదులు చైను ప్రమాదమని యందరును ఎరుగుదురు. బిగువు చైను చేయు హాని చాలమందికి తెలియదు. బండి మీద మనుష్యులు కూర్చున్నపుడు వెనుక చక్రము స్ప్రింగుల మీద పైకి పోవును. ముందరి స్ప్రాకెట్టు, చక్రపు చట్రము కీలు, వెనుక ఇరుసు, ఈ మూడును ఒక్క వరుసకు వచ్చిన చోట చైను మిక్కిలి బిగియును. ఖాళీ బండికి చక్కగా బిగించితిమనుకొన్న చైను, ఇద్దరెక్కి గుంటలో పడినపుడు తీగవలె నగును. ఆ లాగుడు గేరుపెట్టె బేరింగు మీదను, చక్రపు బేరింగు మీదను పడును. బిగించిన తరువాత ఇద్దరును కూర్చుండగా మరియొకరిచేత చైనును తాకించి చూచినచో, ఇంకను కొంచెము కదలిక మిగిలియుండవలెను.

చైను సరిచేయునపుడు ఇరుసునకు రెండు ప్రక్కల నుండు గుర్తులు సమానముగా వచ్చినవో లేదో చూడవలెను. చక్రము వంకరగా నిలిచినచో స్ప్రాకెట్టు పళ్లకు ఒక ప్రక్కన మాత్రమే, చైను లోపలి పలకలకు ఒక ప్రక్కన మాత్రమే క్రొత్తగా తోమినట్టి మెరుపు వచ్చును. ఆ మెరుపు వంకరకు సాక్ష్యము.

ఇంక చక్రపు బేరింగు. సెంటరు స్టాండు మీద బండి నుంచి, టైరును పైన ఒక చేతను, క్రింద ఒక చేతను పట్టి అటునిటు ఊపవలెను. "లొటలొట" మని కదలినచో బేరింగు అరిగినది. చక్రముతో పాటు దానిని మోయు ఇనుప చట్రము కూడ కదలుచున్నచో తప్పు చట్రపు కీలులోని బుష్షుది. ఈ భేదమును మనము గుర్తించి చెప్పినచో మెకానిక్కునకు సగము పని తగ్గును. చక్రము తిరుగుచుండగా తిరుగలివలె గురగుర శబ్దము వచ్చుటయు బేరింగు లక్షణమే. అట్లుగాక, బండి కదలునపుడు, పళ్లెరము కొట్టినట్లు గేరు మార్చిన ప్రతిసారియు వెనుకనుండి ఒక్క కుదుపు వచ్చుచున్నచో, స్ప్రాకెట్టునకును హబ్బునకును నడుమ మెత్తగా నుండుటకు పెట్టిన రబ్బరు దిమ్మలు నలిగియుండవచ్చును. చక్రమును కదలకుండ పట్టి స్ప్రాకెట్టును ముందువెనుకలకు ఆడించినచో అది ఎక్కువగా ఆడును. ఈ దిమ్మలు చవుక. వీనిని మరచి చైనులను మార్చుచుండువారిని మేము చూచితిమి.

చైనుకు నూనె వేయుట కొందరిండ్లలో పండుగనాటి పని. కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో మట్టిని తీసి, పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేరునూనెను క్రింది వరుస లోపలి ప్రక్కన చుక్కలు చుక్కలుగా వేయవలెను; చైను తిరుగునపుడు అది తానే వెలుపలికి ప్రాకి కీళ్లలోనికి దిగును. 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలలో ఇంకను ముందుగా. ఇంజనులోనుండి తీసిన నల్లనూనె ఊరకే వచ్చినదని వేయువారు గలరు. అందులోని మడ్డియు ఇనుప పొడియు చైనునకు మేలు చేయవు. పెట్రోలుతో కడుగుట అగ్నితో ఆడుట.

ఇదంతయు స్త్రీల కెందుకని యడుగువారికి ఒక మాట. మిక్కిలి వదులైన చైను పళ్లమీదినుండి జారి, స్ప్రాకెట్టునకును తొడుగునకును నడుమ ఇరుకుకొన్నచో వెనుక చక్రము పరుగులోనే బిగుసుకొని నిలిచిపోవును. నడుపువారు హేండిలునైనను పట్టుకొనియుందురు. వెనుక నొక ప్రక్కకు కూర్చున్న మనకు, ఒడిలో బిడ్డయున్నచో, పట్టుకొనుటకు చేయియైనను ఖాళీ యుండదు. చీర సంగతి చెప్పనక్కర లేదు. కుచ్చెళ్లో పైటకొంగో స్పోకులలో పడినచో చక్రము దానిని చుట్టుకొని మనిషిని క్రిందికి లాగును. 1989 సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము, వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు ఆనిక, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండవలెనని చెప్పుచున్నది. అందము చెడినదని క్రొత్త బండికి చీరగార్డు ఊడదీయించు యువకులు మా వీధిలోనే యిద్దరున్నారు. వారి తల్లులతో మేము మాట్లాడితిమి. ఒకరు మరల పెట్టించిరి. రెండవ యామె కోడలు ఇంకను ఆ బండి వెనుక కొంగు పిడికిట పట్టుకొని పోవుచున్నది. చూచినప్పుడెల్ల మా గుండె జల్లుమనును.

చైను బిగించుటకు చక్రమును వెనుకకు జరిపినపుడు బ్రేకు సంగతి మరువకుడు. డ్రమ్ము బ్రేకు బండ్లలో పెడలు నుండి చక్రమునకు పోవు ఇనుపకడ్డీ పొడుగు మారదు గనుక, చక్రము వెనుకకు జరిగిన కొలది అది బ్రేకును లాగిపట్టును. బ్రేకు ఒరసికొనుచు డ్రమ్ము కాగును. బండి బరువుగా లాగుచున్నదని ఇంజనును తిట్టుదురు. మొన్నటి ఆదివారము మా వారు స్వయముగా చైను సరిచేసి, ఇరుసు నట్టు బిగించి, చేతులు కడుగుకొని తాళముచెవి అందుకొనిరి. మేము గడపలో నిలిచి "పెడలో?" అంటిమి. వారు మారుమాటాడక మరల కూర్చుండి, చక్రమును చేతితో తిప్పి చూచి, బ్రేకు నట్టును రెండు చుట్లు వదులు చేసిరి.